వెర్లీన్ అడిగిన తాళం

కొడుకు పేరు సగం పలికేసరికి మిస్ వెర్లీన్ టిబ్స్ ముందున్న మైకు ఆపేశారు. మా నగర సభలో మామూలు మనుషులు మాట్లాడటానికి రెండే నిమిషాలు. "డెల్" వినిపించింది, "మార్" వినిపించలేదు. అధ్యక్షుడు ఫోనులోంచి తల ఎత్తకుండానే, "తర్వాత ఎవరు?" అన్నాడు. తర్వాతి మనిషి చెత్తబండి ఆలస్యంగా వస్తోందన్నాడు. అది మాత్రం ముగ్గురు సభ్యులు రాసుకున్నారు.

ఆవిడ మా పేటలో స్కూలు బస్సు నడిపేది. నన్నూ ఐదేళ్ళు ఎక్కించుకుంది. ఎక్కడైనా కాల్పులు జరిగి పోలీసులు పసుపు టేపు కట్టిన రోజుల్లో దారి మార్చి తిప్పేది. ఎందుకని మేం అడిగేవాళ్ళం కాదు.

డెల్మార్‌ను చంపిన తుపాకి ఎవరో పెద్దమనిషి కారు సీటు కింద వదిలేస్తే దొంగిలించినది. అందుకే ఆవిడ అడిగింది చాలా చిన్న నిబంధన: కారులో తుపాకి వదిలేవాళ్ళు దాన్ని తాళమేసిన పెట్టెలో ఉంచాలి. అంతే. ఆరేళ్ళు తిరిగాక దానిమీద సభలో విచారణకు ఒక గురువారం సాయంత్రం నాలుగు గంటల సమయం ఇచ్చారు. అక్కడి గుమాస్తా గొంతు తగ్గించి చెప్పాడట: "జనాన్ని తీసుకురండమ్మా. వీళ్ళు కాగితాలు చదవరు, కుర్చీలు చూస్తారు."

ఆవిడ చర్చికీ, క్షౌరశాలకూ, బట్టలుతికే మిషన్ల దగ్గరికీ తిరిగింది.

"నిజంగా వస్తావా, నోటితోనే వస్తావా?" అని మంగలి రూఫస్‌ను నిలదీసింది.

"నా చేతి పని మీద ఒట్టు, మిస్ వెర్లీన్."

"దాని మీద ఒట్టేస్తే ఎవడు నమ్ముతాడు? మా తమ్ముడి తల చూశాలే."

షాపంతా నవ్వింది. విచారణకు వస్తామని అరవై ముగ్గురు సంతకం పెట్టారు. నేనూ పెట్టాను.

విచారణకు రెండు రోజుల ముందు, మంగళవారం, కియోనా అనే పదిహేనేళ్ళ పిల్లను బస్టాపులో కాల్చేశారు. మా దగ్గర ఎవరు పోయినా, పోయిన చోటే చేరి, పేరు పిలుస్తూ ఆకాశంలోకి గాలిబుడగలు వదులుతాం. స్కూలు వదిలాక, చీకటి పడకముందు అని తల్లి గురువారం నాలుగింటికి పెట్టుకుంది. కాస్త జరపమని ఎవరికీ తోచలేదు. తోచినా, బిడ్డ పోయిన తల్లితో ఆ మాట ఎవరంటారు?

రెండు వందల మంది వచ్చారు. నేనూ ఊదారంగు బుడగ పట్టుకుని నిలబడ్డాను. వదిలాం, ఏడ్చాం, ఫొటోలు తీసుకున్నాం, వేయించిన చేప తిన్నాం. బుడగలు పట్టుకోవడానికి మేం ఎప్పుడూ తయారే.

విచారణ గదిలో ఆవిడతో కలిపి నలుగురు. అందులో ఒకడు చలికి తాళలేక లోపలికొచ్చినవాడు. ప్రజల్లో ఆసక్తి కనిపించడం లేదని రాసి, ఆ నిబంధనను పక్కన పడేశారు.

ఆవిడ ఎవరినీ తిట్టలేదు. రూఫస్ చిలగడదుంపతో చేసిన తీపి తీసుకుని వెళ్ళి, "ఆ పిల్ల కోసం కదా, మిస్ వెర్లీన్" అన్నాడు. "అవును, ఆ పిల్ల కోసమే" అని గిన్నె అందుకుందట. తిట్టి ఉంటే బాగుండేది.

మార్చిలో ఆవిడ కిరాణా కొట్టు బయట కనిపించింది. బస్సు పని మానేసింది.

"వచ్చే ఏడు మళ్ళీ పెట్టిద్దాం. ఈసారి అందర్నీ నేనే లాక్కొస్తాను" అన్నాను.

సంచీ చెయ్యి మార్చుకుని, నా ముఖంలోకి చూసింది.

"నీకిప్పుడెన్నేళ్ళు?"

"ఇరవై రెండు."

"డెల్మార్ పోయినప్పుడు దండ వెయ్యడానికి వాడిది మంచి ఫొటో దొరక్క, స్కూలు కార్డు మీదిదే పెద్దది చేయించాం" అంది. "మీ అమ్మకు చెప్పు నాయనా, నువ్వు నవ్వుతున్నది ఒకటి తీయించి ఉంచుకోమని."