చుట్టలవ్వ పెట్టిన నడక పరీక్ష

ఆ రోజుల్లో నాకు తెలిసిన సంగతి ఏదైనా ఉందంటే, దాన్ని ఎదుటివాళ్లకు చెప్పేదాకా అన్నం సయించేది కాదు. డిగ్రీ రెండో ఏడు, జంతుశాస్త్రం. లోకంలో దాన్ని చదివింది నేనొక్కదాన్నే అనుకునేదాన్ని (మా క్లాసంతా అలాగే అనుకునేదని తర్వాత తెలిసింది). మా బొగ్గుగనుల కాలనీలో పోలియో ఆదివారం అయిన మర్నాడు, మిగిలిపోయిన పిల్లల కోసం ఇల్లిల్లూ తిరుగుతూ ఆసుపత్రి నర్సమ్మ నన్ను తోడు తీసుకెళ్లింది. ఐసు డబ్బా మోయడం, చిటికెన వేలి గోటికి గుర్తు పెట్టడం వరకే నా పని అని ముందే చెప్పింది.

క్వార్టర్ల చివరి లైనులో చుట్టలవ్వ ఇల్లు. నోట్లో ఎప్పుడూ చుట్ట ఉంటుందని కాలనీ పెట్టిన పేరు. ఒళ్లో రెండేళ్ల మనవరాలు. పోయినసారి వేశారు కదా, మళ్లీ ఎందుకని అడిగింది. అడిగింది నర్సమ్మను, జవాబు చెప్పింది నేను. ఈ చుక్కల్లో ఉండేది బతికున్న పోలియో పురుగే అవ్వా, కాకపోతే బలం తీసేసింది. అది పేగుల్లో కొన్నాళ్లు పెరుగుతుంది, దాన్ని చూసి ఒళ్లు కొట్లాట నేర్చుకుంటుంది, రేపు అసలుది వస్తే గుర్తుపట్టి తరిమేస్తుంది, ఒక్కసారికే ఆ చదువు ఒంటికి ఎక్కదు కాబట్టి మళ్లీ మళ్లీ వేస్తాం అని చేతులు తిప్పుతూ చెప్పాను. ఒక్క ముక్క తప్పు లేదు. అవ్వ మాత్రం ‘బతికున్న పురుగు’ దగ్గరే ఆగిపోయి, మనవరాలిని లోపలికి తీసుకుపోయి గడియ పెట్టుకుంది. కబురు గోడలు దాటింది. లైనంతా తలుపులు మూసుకున్నాయి. ఆ పిల్లలందరూ చుక్కలు లేకుండా మిగిలిపోతారేమోనని నాకు ఏడుపొచ్చింది. నర్సమ్మ తిట్టకుండా నెత్తి పట్టుకుని అరుగు మీద కూర్చుంది. తిట్టినా బాగుండేది.

కాసేపటికి కిటికీలోంచి అవ్వ గొంతు వినిపించింది.

"ముందుగాల నువ్వు తాగు. రేపు పొద్దుగాల వచ్చి నడిసి సూపెట్టు. అప్పుడు జూద్దాం."

నర్సమ్మ నా నోట్లో రెండు చుక్కలు వేసింది. అవ్వ అడిగిందని గోటికి గుర్తు కూడా పెట్టింది. ఒక్క రాత్రిలో ఏమీ తేలదని, పైగా నేను చిన్నప్పుడే ఈ చుక్కలు తాగినదాన్నని చెప్పబోతుంటే నర్సమ్మ నా జడ పట్టుకుని ఈడ్చుకుపోయింది.

మర్నాడు వెళ్లేసరికి లైనంతా గడపల్లో నిలబడి ఉంది. అంతమంది నా కాళ్లకేసే చూస్తుంటే నడక మర్చిపోయాను. నల్లా దగ్గర చెప్పు తెగింది, రెండడుగులు కుంటుతూ వేశాను. ఒకావిడ బిడ్డను కొంగులో దాచుకుంది. ఇక లాభం లేదని చెప్పులు విడిచేసి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని లైను చివరిదాకా ఉరికి వెనక్కి వచ్చాను. ఎవరూ నవ్వలేదు. అవ్వ వెనక గుమ్మంలో, చంకలో కర్రతో ఆమె చిన్న కొడుకు నిలబడి ఉన్నాడు.

"మా చిన్నోని కాలు గీ రోగంతోనే పోయింది బిడ్డా," అంది అవ్వ. "బతికున్న పురుగు అనంగనే నా పాణం జల్లుమన్నది."

తర్వాత మనవరాలి బుగ్గలు నొక్కి తానే దాని నోరు తెరిపించింది. ఒక్కొక్కరుగా మిగతా ఇళ్లవాళ్లూ పిల్లల్ని ఎత్తుకొచ్చారు.

ఇప్పుడు నేను బడిలో అదే శాస్త్రం చెబుతున్నాను, అప్పటికంటే ఎక్కువసేపే. ఆ ఉరికిన పిల్ల గుర్తొస్తే ముద్దొస్తుంది. మెట్లెక్కితే మోకాళ్లు పట్టేసే ఈ వయసులో నన్ను నడిచి చూపించమంటే మాత్రం, ఆ లైనులో ఒక్క తలుపూ తెరుచుకోదు.