బండి జీతం

మా లారీలో సగం నా భాగస్వామిది, సగం నాది. నడిపేది మాత్రం ఆయనే. కిరాయి చేతికి రాగానే డీజిలు, టోలు, నెల వాయిదా పక్కన పెట్టేవారు. మా వాటాలకంటే ముందు, టైర్లకీ రిపేర్లకీ అని కొంత తీసి సీటు కింద రేకు డబ్బాలో వేసేవారు. దాన్ని బండి జీతం అనేవారు.

"లారీకి జీతమేంటండీ? పీఎఫ్ కూడా కడతారా?" అని వెక్కిరించేవాణ్ణి.

"నవ్వకండి, వింటుంది," అనేవారు, గొంతు తగ్గించి.

ఒకసారి ముందు టైరు కోసం కూడబెట్టిన ఆ డబ్బు తీసి నేను కొత్త ఫోను కొనుక్కున్నాను. చాలా ఏళ్ల తర్వాత ఆయన పోయేదాకా కూడా ఆ మాట ఒప్పుకోలేకపోయాను. ఖాళీ డబ్బా చూసి కూడా ఆయన నన్నేమీ అడగలేదు. అరిగిన టైరుతోనే కడియంలో మొక్కల లోడు ఎత్తి బయలుదేరారు.

రావులపాలెం వంతెన మీద ఆ టైరు పేలింది. నేను వెళ్లేసరికి లారీ రెయిలింగును విరగ్గొట్టుకుని ఆగి ఉంది. ముందు చక్రం ఒకటి గోదావరి పైన గాలిలో ఉంది. ఆయన ఒంటి మీద గీత కూడా పడలేదు. చెల్లాచెదురైన మొక్కల మధ్య కూర్చుని ఎవరితోనో మాట్లాడుతున్నారు. పక్కన ఎవరూ లేరు, చేతిలో ఫోనూ లేదు.

నన్ను చూసి లేచారు. "తన జీతం ఇకనుంచి మీ దగ్గరే దాచమందండి."

"ఎవరు?"

"బండేనండి."

"నా దగ్గరెందుకు?"

"నేనూ అదే అడిగానండి," అన్నారు మామూలుగానే. "'ఇవాళ్టి నుంచి ఆయనకి నేనంటే భయం ఉంటుందిలే,' అంది."