కరుంగాలోళ్ల ఇల్లు

నా పెళ్లి భోజనాల్లో వెనక వరుసలోంచి ఒక ముసలాయన, “కరుంగాలోళ్ల ఇంట్లో సాంబారు బాగుందే!” అన్నాడు. నలుగురు నవ్వారు. నెయ్యి వడ్డిస్తున్న నాయన తల వంచుకుని తరవాతి ఆకు దగ్గరికి నడిచాడు.

సమ్మె నడుస్తుండగా గేటు దాటి పనిలోకి పోయినవాణ్ణి మా వైపు బట్టల మిల్లుల్లో కరుంగాలి అంటారు. మదురైలో తెలుగువాళ్లుండే మిల్లు లైన్ ఇళ్లల్లో మా ఇంటికి అదే పేరు. తెల్లదొరల కాలంలో జరిగిన సమ్మెలో మా ముత్తాత, అంటే నాయనకు తాత, అలా లోపలికి పోయాడట. ఆ ఒక్క “అట” మీద మూడు తరాలు తల వంచుకు బతికాయి. నాయన అక్కడ ఉండలేక కోయంబత్తూరు వచ్చి, తుడియలూరులో పంపులు చేసే వర్క్‌షాపులో చేరాడు. ఆ పేరు కూడా ఏ చుట్టం నోట్లోనో కూర్చుని బస్సెక్కి వచ్చేసింది. ముప్పై ఏళ్లు చందా కట్టించుకున్న అక్కడి కార్మికుల సంగంవాళ్లు ఆయన్ని ఒక్కసారీ కమిటీలోకి తీసుకోలేదు.

ఇప్పుడు నాయనకు కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు ఆర్.ఎస్. పురంలో డయాలిసిస్. అలాంటి సమయంలో, ఆ సమ్మెలో జైలుకు పోయినవాళ్ల పేర్లతో మదురై సంగంవాళ్లు రాయి పెడుతున్నారని తెలిసింది. తాత జైలుకే పోయాడని చిన్నప్పట్నుంచీ నమ్మే నాయన ఫోన్ చేసి ఆయన పేరు చెప్పాడు. “మీ తాత పనిలోకి పోయినాడనే కదయ్యా అందరూ చెప్పేది? కాగితం తెండి, చూస్తాము” అన్నారు.

“నువ్వు చదువుకున్న బిడ్డవి. నేను పోయేలోపల ఆ కాగితం వెతికి పెట్టమ్మా” అన్నాడు నాయన. నాకు ఒళ్లు మండింది. వందేళ్లనాటి మనిషి కోసం ఇప్పుడీ ఏడుపేమిటని విసుక్కున్నాను. కానీ ఆ మొహం చూసి కాదనలేకపోయాను.

మదురై సంగం బీరువాలో రిజిస్టర్లు చెదలు తినగా మిగిలిన అట్టలే ఉన్నాయి. “ఇది సంగమా, చెదల పుట్టా?” అని అక్కడే అరిచాను. ఒక పెద్దాయన మాత్రం కోపం తెచ్చుకోకుండా ఒక మాట చెప్పాడు. ఆ రోజుల్లో సాయం కోరుతూ ఇంగ్లండ్‌లోని నేతపనివాళ్ల సంఘాలకు మనవాళ్లు ఉత్తరాలు రాసేవారట. అవి అక్కడేమైనా మిగిలాయేమో చూడమన్నాడు.

అలా మొదలైంది నా పిచ్చి. గాంధీపురం బస్సులో నిలబడి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్‌లో బ్రిటిష్ కార్మిక సంఘాల చరిత్ర చదివాను. లాంకషైర్ మగ్గాలు, వాళ్ల సమ్మెలు, వాళ్ల జైళ్లు. మా ముత్తాత అనేవాడు పుట్టాడని కూడా తెలియనివాళ్ల పుస్తకాల్లో మా ముత్తాతను వెతుక్కున్నాను. అక్కడి ఒక గ్రంథాలయంలో పాత సంఘాల కాగితాలున్నాయని తెలిసి రాశాను. మూడు నెలల తరవాత అక్కడ పనిచేసే ఒకావిడ మదురై సంగం రాసిన నాలుగు పేజీల ఉత్తరం ఫోటోలు పంపింది.

బస్సులోనే తెరిచాను. రెండో పేజీలో సమ్మెలో పనిలోకి పోయినవాళ్ల జాబితా. అందులో ముత్తాత పేరు, ఆయన తండ్రి పేరు, మిల్లు టికెట్టు నంబరు. ఇది నాయనకు చూపించేకంటే ఆ ఫోన్‌ను నొయ్యల్ ఏట్లో పారెయ్యడం మేలనిపించింది. మూడో పేజీ ఎందుకు తిప్పానో నాకే తెలియదు. గేటు దగ్గర పట్టుబడి ఇంకా జైల్లోనే ఉన్నవాళ్ల పేర్లవి. అక్కడా ముత్తాతే! అదే తండ్రి పేరు, అదే టికెట్టు నంబరు, అదే వారం.

జైల్లో ఉన్నవాడు మగ్గం ఎలా నడుపుతాడు? బస్సులో పైకే నవ్వేశాను. మిల్లుల్లో బదిలీ పద్ధతి ఉండేదని నాకు తెలుసు. ఒకడు రాలేకపోతే వాడి టికెట్టు పట్టుకుని చుట్టమెవడో పోతాడు. దొర నంబరు చూస్తాడు గానీ మొహం చూడడు. ముత్తాత జైల్లో ఉండగా ఎవడో ఆయన టికెట్టుతో లోపలికి పోయాడు. వాడెవడో తెలిస్తే నాయన గెలిచినట్టే.

నాయన ఆసుపత్రిలో ఉన్న పూట అవ్వ దగ్గర కూర్చున్నాను. అవ్వ అంటే నాయన తల్లి, తొంభై దాటిన మనిషి. ముత్తాత ఆమెకు మామ మాత్రమే కాదు, సొంత మేనమామ కూడా. చిన్న ఉల్లిపాయలు ఒలుస్తోంది.

“అవ్వా, మీ మామ జైల్లో ఉంటే ఆయన టికెట్టు ఎవురు తీసుకుపోయినారు?”

చేతులు ఆగలేదు. “ఎవురు చెప్పిరి నీకు?”

“కాగితం వొచ్చింది. ఇంగ్లండ్ నుంచి.”

ఇంకో రెండు ఉల్లిపాయలు ఒలిచింది. “మా నాయన” అంది.

ఆమే చెప్పుకుపోయింది. “నాకప్పుడు ఆరేండ్లు ఉంటాయి. లైన్‌లో ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు. మా ఇంట్లో మట్టుకు వాకిలి మూసి అమ్మ అన్నం పెట్టె. వాసన బయటికి పోకూడదని కిటికీకి గోనెపట్ట కట్టిరి. నేను తింటిని అమ్మిణీ. బాగా తింటిని. మామ జైలు నుంచి వొస్తే, మిల్లు పుస్తకంలో ఆయన నంబరు ఉంది, జైలంతా నాటకమని అందరూ ఆయన మొగాన ఉమిసిరి. ఒక్క మాట చెప్పింటే చాలు. చెప్తే చెల్లెలి కాపురం, మా అమ్మ కాపురం, ఏమవుతుందని చెప్పలేదు. పెద్దయినంక నన్నే అడిగి కోడలుగా తెచ్చుకునె. ఒక్కనాడూ ఎత్తి చూపలేదు.”

“నీ కొడుకు నీ కళ్లెదుటే తల దించుకుని తిరిగినాడు గదే! నోరెట్ల మూసుకున్నావు?” అని అరిచాను. తొంభై ఏళ్ల మనిషి మీద అరిచాను.

“చెప్తే వాడికేమి మిగులుతుంది? ఆ తాత కాకపోతే ఈ తాత. ఇద్దురూ వాడి తాతలే గదా. నేను పోయినంక చెప్పు. ఏ రాయి మీదైనా రాయించుకో. నేనుండంగా వొద్దు.” ఉల్లి అంటిన చేతులతో నా కాళ్లు పట్టుకుంది. చీ, ఏం పని ఇదని లేపాను. చెప్పనని, ఆ కాగితం కూడా చూపనని మాటిచ్చాను. ఇంగ్లండ్ నుంచి ఇంకా ఏమీ రాలేదని నాయనతో అన్నాను.

అప్పట్నుంచీ నాకు నిద్ర లేదు. అవ్వ మూడు పూటలా తింటోంది, తన బట్టలు తనే ఉతుక్కుంటోంది. నాయనకు కాళ్లు వాచాయి, మెట్లెక్కలేడు. నాయనకు నిజం తెలియాలంటే అవ్వ ముందు పోవాలి. రోజూ పొద్దున లేస్తూనే అవ్వ గదిలోంచి దగ్గు వినిపిస్తే, నాకు వచ్చే మొదటి ఆలోచన ఏమిటో రాయడానికి కూడా సిగ్గుగా ఉంది. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి.

పోయిన వారం మదురై నుంచి ఫోన్ వచ్చింది. నెలాఖరుకు రాయి చెక్కించేస్తారట. నాయన నన్ను మంచం పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అవ్వ ఆయన కాళ్ల దగ్గర ఉంది.

“ఆ ఇంగ్లండ్ అమ్మకు ఇంకొకతూరి రాయమ్మా. నేను ఎక్కువ దినాలు ఉండేవాణ్ణి కాదు, మా తాత పేరు ఒక్కటి చూసి పోతాను, రవంత బిరీన వెతకండి అని రాయి.”

రాశాను. ఇంగ్లీషులో రాసింది తెలుగులో రెండుసార్లు చదివించుకున్నాడు. “దయచేసి” అనే మాట ఉందా అని అడిగాడు. ఉందన్నాను. ఆయన చూస్తుండగానే పంపాను.

“ఇన్ని నెలలా? వొస్తుందంటావా?” అన్నాడు.

నేను నోరు తెరిచేలోపలే అవ్వ ఆయన వాచిన కాళ్ల మీద దుప్పటి సర్దింది. “వొస్తుంది లే నాయనా. దూరం గదా” అంది.