చిట్టి చెప్పిన ఆఖరు తేదీ

చిట్టి ఉండేది అన్నావదినల ఇంట్లోనే. హోటల్ రిసెప్షన్‌లో ఆమె, అదే హోటల్ లాండ్రీలో వదిన. స్పానిష్ మాట్లాడే అతిథులు ఎక్కువయ్యారని, ఆ భాష వచ్చినవాళ్ల కోసం యాజమాన్యం ఒక కొత్త పోస్టు పెట్టింది. సిబ్బందిలో ఎవరైనా పరీక్ష రాయొచ్చంది. చిట్టి పుస్తకం కొని పట్టుదలగా కూర్చుంది.

ఆమె ప్రాణం తోడేసింది 'ఈర్' అనే క్రియ. అర్థం 'వెళ్లు'. అంతవరకు బుద్ధిగానే ఉంటుంది. ఎవరైనా వెళ్లాలని కోరుకున్నామా, వెళ్తారో లేదోనని అనుమానపడ్డామా, పూర్తిగా వేషం మార్చి 'వాయా' అయిపోతుంది. నేను, నువ్వు, మేము అంటూ దానికి మళ్లీ ఆరు రూపాలు. రోజూ ఉదయం వదిన కూరగాయలు తరుగుతూ, పుస్తకం పక్కన పెట్టుకుని అప్పజెప్పించుకునేది.

"వాయా, వాయాస్, వాయా..." అని చిట్టి నీళ్లు నమిలేది.

"వాయామోస్," అని వదిన అందించేది. "ఏంటే ఇది, పొయ్యిమీంచి వాయలు దించుతున్నట్టు!"

నెల తిరిగేసరికి వదిన పుస్తకం వైపు చూడటమే మానేసింది. ఆరు రూపాలే కాదు, సగం పుస్తకం ఆమెకు నోటికొచ్చేసింది. చిట్టి మాత్రం ఇంకా నాలుగో రూపం దగ్గరే గుటకలు మింగుతోంది.

"నేను కూడా రాయొచ్చంటావా?" అని ఒకరోజు వదిన సిగ్గుపడుతూ అడిగింది. "ఆ లాండ్రీ ఆవిరిలో చేతులు పుండ్లు పడుతున్నాయే."

"దరఖాస్తుకి ఆఖరు తేదీ అయిపోయింది వదినా."

ఇంకా నాలుగు రోజులుంది. ఆ మాట ఎలా ఊడిపడిందో తనకే తెలియదని చిట్టి తర్వాత చాలాసార్లు సర్దిచెప్పుకుంది. తెలియకేం, శుభ్రంగా తెలుసు. వదిన రాస్తే తనకు రాదు.

"సర్లే," అంది వదిన. మర్నాడు మామూలుగానే అప్పజెప్పించుకుంది. నిజం చెప్పడానికి చిట్టికి నాలుగు ఉదయాలు దొరికాయి. ఒక్కటీ వాడుకోలేదు.

ఉద్యోగం చిట్టికే వచ్చింది. దుప్పట్ల బండి తోసుకుంటూ వదిన అటు వచ్చినప్పుడల్లా చిట్టి కంప్యూటర్‌లో తల దూర్చేది. భోజనం దగ్గర వదిన చేతుల మందు వాసన తగిలితే సగంలోనే కంచం వదిలి లేచిపోయేది. చివరికి ఉండబట్టలేక, ఒక ఆదివారం బట్టలు మడతపెడుతున్న వదిన ముందు కూలబడింది.

"వదినా, ఆరోజు తేదీ అయిపోలేదు. నీకు అబద్ధం చెప్పాను."

"తెలుసు," అంది వదిన, మడత ఆపకుండానే. "నోటీసు మా లాండ్రీ తలుపు మీదే అంటించారు."

"మరి ఎందుకు రాయలేదు? ఎందుకు నన్ను చదివించావు?"

"నీకెంత కావాలో ఆరోజే అర్థమైంది కాబట్టి. నువ్వు రాయొద్దు వదినా అని ఒక్కమాట అంటే మానేసేదాన్ని కదే. అడగడానికి కూడా పనికిరాకుండా పోయానా నీకు?"

చిట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. వదిన ఓదార్చలేదు. మడతపెట్టిన బట్టలు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.