ఛోటీ లైన్ హారన్

దెయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. మా వీధిలో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండని పోట్లాడేది నేనే. ఇప్పుడు మాత్రం నమ్ముతున్నానా అంటే, చెప్పలేను. జరిగింది చెబుతాను, మీరే అనుకోండి.

మా నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ రైల్వేలో చేరారు. రాయపూర్ నుంచి ధమ్తరీ వెళ్ళే చిన్న రైలుకు డ్రైవరు. ఊళ్ళో అందరూ దాన్ని ఛోటీ లైన్ అనేవారు. రాయపూర్‌లోనే, తెలీబంధాలో మా ఇల్లు ఆ పట్టాల పక్కనే.

ఇల్లు దగ్గరపడగానే డ్రైవర్లు ఎవరి పద్ధతిలో వాళ్ళు హారన్ కొట్టేవారు. ఒకటి పొడుగ్గా, రెండు పొట్టిగా, కాస్త ఆగి ఇంకొకటి. అది మా నాన్నది. అది వినగానే అమ్మ ఎసరు పెట్టేది.

నాన్న పోయారు. కొన్నాళ్ళకు ఆ పట్టాలూ తీసేసి రోడ్డు వేశారు. ఇప్పుడు మా ఇంటికి ఏ రైలు కూతా వినపడదు.

నా ఆఫీసు శంకర్ నగర్‌లో. అక్కడొక కేఫ్‌లో ఆదివారం సాయంత్రాలు జాజ్ వాయిస్తున్నారని తోటి ఉద్యోగి ఒకామె వీడియో పంపింది. రాయపూర్‌లో జాజ్ ఏమిటని నవ్వుకుంటూనే పెట్టాను. బ్యాండులో సగం మంది పెళ్ళి బారాత్‌లలో వాయించిన కుర్రాళ్ళే. ఆ ఊపు ఎక్కడికీ పోలేదు. నాకు పిచ్చి పట్టుకుంది, రోజూ అదే వినేదాన్ని.

ఒక మధ్యాహ్నం అలా వింటూ ఉంటే, అన్నం తిని కునుకు తీస్తున్న అమ్మ లేచి వెళ్ళి బియ్యం కడగసాగింది. ఇప్పుడెందుకమ్మా అన్నాను.

"మీ నాన్న వచ్చెస్తన్నారు కదే. ఇనపళ్ళేదా నీకు?" అంది.

వీడియో వెనక్కి తిప్పి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. సాక్సఫోన్ వెనకాల, ఎక్కడో దూరంగా ఉంది. నాన్న హారనే.

మర్నాడు వీడియో పంపినామెకు వినిపించాను. ఆమెకూ వినపడింది. ట్రంపెట్ వాయించే అబ్బాయిని ఫోన్‌లో పట్టుకుంటే, మా షోలో అలాంటిదేదీ మోగలేదు దీదీ, రోడ్డు మీద లారీ అయ్యుంటుంది అన్నాడు. నేనూ అదే అనుకోవాలని చూశాను.

స్వయంగా వెళ్ళి వింటే సరిపోతుందనుకున్నాను. ఆ వారం ఆఫీసులో ఆడిట్ వచ్చిపడింది. తర్వాతి వారం వాన, ఆటోలు దొరకలేదు. రెండు షోలూ తప్పిపోయాయి. రెండిటి వీడియోల్లోనూ హారన్ ఉంది. రెండోదాంట్లో మరింత దగ్గరగా ఉంది.

ఆ పై వారం అమ్మను తీసుకుని వెళ్ళాను. గంజి పెట్టిన చీర కట్టుకుని, ముందు వరుసలో కూర్చుని, చెయ్యి చెవికి ఆనించి విన్నది. బ్యాండు అద్భుతంగా వాయించింది. హారన్ రాలేదు. ఆ రోజు వీడియోలోనూ లేదు.

మళ్ళీ ఆదివారం మోకాళ్ళ నొప్పులని అమ్మ కదల్లేదు. నేనూ ఉండిపోయాను. ఆ వీడియోలో హారన్ ఎంత గట్టిగా ఉందంటే, ట్రంపెట్ వినపడలేదు. అమ్మ అటక మీంచి నాన్న కంచం దించి తోమింది. ఆమె మొహంలో అంత కళ నేను చూసి చాలా ఏళ్ళయింది.

నాకు అప్పుడే భయమేసింది. నాన్న ఇంటికి వస్తున్నారంటే, ఊరికే వచ్చి వెళ్ళడానికా?

మేం వెళ్ళిన రోజు హారన్ రాదు కదా, అందుకే అప్పటినుంచి ఏ షో వదలడం లేదు. వద్దన్నా అమ్మను లాక్కెళ్తున్నాను. ఒళ్ళంతా చెవులు చేసుకుని కూర్చుంటున్నాను గానీ, అంత ఇష్టపడ్డ సంగీతం ఒక్క ముక్క తలకెక్కడం లేదు. అమ్మ చెయ్యి మాత్రం వదలను. వీడియోలన్నీ హారన్ లేకుండా శుభ్రంగా ఉంటున్నాయి. అమ్మ తిండి తగ్గించేసింది.

మొన్న ఆదివారం తిరిగొస్తుంటే ఆటోలో అంది: "నన్ను కాస్తన్నాననుకుంటన్నావు. మీ నాన్నని గుమ్మం కాడ నిలబెట్టీసినావే."

గొంతులో కోపం లేదు.

ఆ హారన్ ఎక్కడి నుంచి వస్తుందో, మేం వెళ్తే ఎందుకు రాదో నాకు ఈనాటికీ తెలియదు. వచ్చే ఆదివారానికి రెండు టికెట్లు తీసుకున్నాను. అమ్మ ఇంకా వస్తాననలేదు.