మేనత్త గదికి నేను ఎంచిన ఏసీ

రొయ్య బంగారం పలికిన ఆ రోజుల్లో మా సముద్రపు ఒడ్డు పల్లెల్లో ఒక ఇంటికి ఏసీ కొనాలంటే పదిమందిని అడిగేవాళ్ళు, ఇద్దరితో తగువు పడేవాళ్ళు, చివరికి పదకొండోవాడు చెప్పింది కొనేవాళ్ళు. ఇప్పుడేముంది? మొన్న మావాడు ఫోను మీద వేలితో నాలుగుసార్లు తోసి, "అయిపోయింది నాన్నా, ఎల్లుండి తెచ్చి బిగిస్తారు" అన్నాడు. గదికి ఎండ ఏ వైపు నుంచి కొడుతుంది, పైన ఒట్టి డాబానా ఇంకో అంతస్తుందా, లోపలి గొట్టాలు రాగివా కావా, ఒక్క ముక్క నన్ను అడిగితే ఒట్టు. నాకు ఒళ్ళు మండింది. "ఎనిమిదో తరగతితో బడి మానేసినా, ఏసీ పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా చదివినవాణ్ణిరా నేను" అని గట్టిగానే అన్నాను. వంటింట్లో కోడలు నవ్వు ఆపుకుంటున్నట్టు గిన్నెల చప్పుడైంది. (ఆ నవ్వుకు కారణం ఉంది. ఈ కథ మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరో ఒకరు వంకర చేసి చెప్పేలోగా నేనే చెప్పుకోవడం మేలు.)

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. కావలిలో మోటార్లకు వైండింగు చుట్టే షాపులో పని. పగలంతా రాగి తీగ చుట్టి, దొరికిన తీరికలో కంపెనీవాళ్ళు యంత్రాలతో పాటు పంపే ఇంగ్లీషు పుస్తకాలు, పక్కన ఒక పాత నిఘంటువు పెట్టుకుని చదివేవాణ్ణి. ఒక్కో పేజీకి వారం పట్టేది. పట్టనీ, ఎవరబ్బ సొమ్ము? అట్లా నేర్చుకున్నదాన్ని నాలోనే దాచుకునే గుణం నాకు లేదు. టీ కొట్టు దగ్గర, బస్సులో, చావింటి అరుగు మీద కూడా చెప్పేవాణ్ణి. అందుకని ఊళ్ళో నాకు 'పుస్తకాల మేస్త్రి' అని పేరు పెట్టారు. అది పొగడ్త అని చాలా ఏళ్ళు అనుకున్నాను.

మా అక్కను మా మేనత్త కొడుక్కే ఇచ్చారు. వాళ్ళ ఊరు సముద్రానికి రెండు మైళ్ళు. ఆ ముందు సంవత్సరం రోహిణి కార్తెలో మేనత్త వాకిట్లో వడియాలు తిరగేస్తూ అట్లాగే ఒరిగిపోయింది. వడదెబ్బ. కావలి డాక్టరు వారం రోజులు కష్టపడి లేపి, "ఇంకోసారి ఇట్లా జరిగితే మాత్రం నా చేతిలో ఏమీ లేదు. వచ్చే రోహిణికి ఈమె చల్లటి గదిలో ఉండాల్సిందే" అని తేల్చి చెప్పాడు. బావ ఆ మాట మరిచిపోలేదు. రొయ్యల గుంటల మీద నాలుగు రూపాయలు కళ్ళచూడగానే నా దగ్గరికి వచ్చి, "బామ్మర్దీ, నాకేం తెలవదు. మాయమ్మ బతకాల. ఏది కొనాల్నో నువ్వు చెప్పు" అన్నాడు. అంత పెద్ద మనిషి, నన్ను, సలహా అడిగాడు! నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

టేపు తీసుకుని బయలుదేరాను. గది పన్నెండు అడుగుల పొడవు, పది వెడల్పు, పది ఎత్తు. ఒక కిటికీ. పడమటి గోడకు ఎండ. పైన ఒట్టి డాబా. పుస్తకంలో ఒక పట్టిక ఉంది, గడులన్నీ ఒక్కొక్కటే నింపాను. చివరి గడిలో 'గదిలో ఉండే మనుషులు' అని ఉంది. మేనత్త, ఆమెను కనిపెట్టుకుని మా అక్క. ఇద్దరు అని రాశాను. ఆ ఒక్క అంకె రాయడానికి నేను క్షణం కూడా ఆలోచించలేదు. కూడికలన్నీ చేస్తే ఒక టన్ను ఏసీ చాలని తేలింది.

నెల్లూరులో ఏసీలు అమ్మే షాపాయన లావుపాటి కళ్ళజోడు మనిషి. మేం లోపలికి వెళ్ళగానే, "ఏ ఊరన్నా మీది?" అని అడిగాడు. బావ చెప్పాడు. "పల్లెనా! అయితే రెండు టన్నులది తీసుకోండి" అన్నాడు.

నాకు చిర్రెత్తింది. "గది కొలతలు అడక్కుండా ఊరి పేరు అడుగుతావేందయ్యా?"

"గది ఎంతుంటే ఏంది అబ్బయా, లోపలికొచ్చేది ఊరే గదా" అన్నాడాయన.

పెద్దది అంటగట్టే ఎత్తని నాకు అప్పుడే అర్థమైపోయింది (అట్లా అనుకున్నాను). అరగంట ఉపన్యాసం ఇచ్చాను. గదికి మించిన ఏసీ పెడితే గబగబా చల్లబరిచి ఆగిపోతుంది, మళ్ళీ మొదలవుతుంది, మళ్ళీ ఆగుతుంది, గాలిలో తేమ మాత్రం అట్లాగే ఉంటుంది, సముద్రపు ఒడ్డున తేమ పోకపోతే చల్లదనం ఉండీ ఏం లాభం అని పట్టిక తీసి వేలుపెట్టి చూపించాను. ఫ్యాను కొనడానికి వచ్చినవాళ్ళు కూడా ఫ్యాను సంగతి మరిచి నా చుట్టూ నిలబడ్డారు. బావ ముఖం వెలిగిపోతోంది. "మా బామ్మర్ది చదివినోడు" అని ఎవరికో చెబుతున్నాడు. కళ్ళజోడాయన జోడు తీసి తుడుచుకుని, "నువ్వు చెప్పిన దాంట్లో తప్పేం లేదు. బిల్లు కాగితం మాత్రం జాగ్రత్తగా పెట్టుకోండి, మళ్ళీ రావాల్సొస్తే పనికొస్తాది" అన్నాడు. ఆ మాటకు కూడా నేను నవ్వాను.

కిటికీ పక్కన గోడ పగలగొట్టి ఒక టన్ను ఏసీనే బిగించాం. రోహిణి వచ్చింది. మొదటి రెండు రోజులు గది చల్లటి కుండలా ఉంది. మూడో రోజు మధ్యాహ్నం, నా ఘనకార్యం చూసుకుందామని బస్సు దిగి వెళ్ళాను. వాకిట్లో చెప్పుల గుట్ట. మేనత్తకు ఏదో అయిందనుకుని పరిగెత్తాను.

ఆమెకేమీ కాలేదు. మంచం మీద దర్జాగా కూర్చుని, ముఖమంతా చెమటతో, మజ్జిగ చెంబు అందరికీ అందిస్తోంది. గది నిండా జనం. చాపల మీద, గోడల వెంబడి, మంచం కింద ఇద్దరు. లెక్కపెడితే ఇరవై రెండు మంది. తలుపు బార్లా తెరిచి, గాలికి పడకుండా ఇటుకరాయి అడ్డం పెట్టారు. ఏసీ బరువెక్కిన బండిలా మూలుగుతోంది. నేను గోడకు తగిలించిన ఉష్ణమాపకంలో వరండాకూ గదికీ రెండే గీతలు తేడా.

"అత్తా! తలుపు మూసుకోవాలని చెప్పినా గదా!"

"పట్టపగలు తలుపేసుకుంటే ఊరోళ్ళు ఏమనుకుంటారు అబ్బయా? ఇంట్లో కొట్లాడుకుంటుండారనుకుంటారు. లేదంటే ఎవురో పొయ్యారనుకుంటారు."

"మరి ఇంతమందేంది?"

"బర్రె ఈనితే జున్నుపాలు ఈదిలో ఇల్లిల్లూ పంచకుండా మనమే తింటామా? ఇదీ అంతే. చల్లగాలొచ్చింది, నలుగురికీ పెట్టాల."

గోడకు ఆనుకున్న పక్కింటి ముసలామె పైట చెంగుతో విసురుకుంటూ, "మేస్త్రీ, నీ మిషనుకన్నా మా తాటాకు పందిరి మేలు. మీ పుస్తకంలో మా పేర్లు రాయలేదా ఏంది?" అంది. గదంతా నవ్వింది. నేను తప్ప.

మరునాడు పని మానుకుని వెళ్ళి, గది తలుపు మూసి, బయట స్టూలు వేసుకుని కాపలా కూర్చున్నాను. వచ్చినవాళ్ళందరినీ వెనక్కి పంపాను. "డాక్టరు చెప్పినాడు" అని ఒకరికి, "మిషను పాడైంది" అని ఒకరికి. గది చల్లబడింది. నా లెక్క ఒక్క గీత తప్పకుండా నిజమైంది. గంట గడిచేసరికి తలుపు తెరుచుకుంది. చంకలో దిండు పెట్టుకుని మేనత్త బయటికొచ్చి, నిప్పులు చెరిగే వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

"అత్తా, లోపలికి పదా. డాక్టరు ఏమన్నాడో మరిచిపోయినావా?"

"రొయ్యను కూడా ఐసుపెట్టెలో ఒక్కదాన్నే పెట్టరురా. గంపెడు పెడతారు. నన్ను మాత్రం ఒక్కదాన్నే పెట్టినావు."

నాకు నవ్వు రాలేదు. మాట అంటూనే ఆమె ముఖం కందిపోయింది, కళ్ళు మూతలు పడ్డాయి, తల పక్కకు వాలింది. అక్క కేకపెట్టి తడిగుడ్డ తెచ్చింది. ఇద్దరం ఆమెను ఎత్తి లోపల పడుకోబెట్టి, పాదాలు తడిపి, ఉప్పు కలిపిన మజ్జిగ చెంచాతో పోశాం. ఎంతసేపటికో కళ్ళు తెరిచి, "ఎవురన్నా వచ్చినారా?" అంది. అంతే. నేను చెప్పులు కూడా వేసుకోకుండా ఆ ఎండలో వీధిలోకి పరిగెత్తి, పొద్దున నేను తరిమిన ప్రతి ఇంటి ముందూ నిలబడి, "రండి, మా అత్త పిలుస్తుండాది" అని బతిమాలాను. పక్కింటి ముసలామె మాత్రం, "మిషను బాగైందా నాయనా?" అని అడిగి మరీ వచ్చింది.

ఏసీని మార్చుకుందామని రొయ్యల వ్యానులో వేసుకుని బావా నేనూ నెల్లూరు వెళ్ళాం. కళ్ళజోడాయన ఎగతాళి చేస్తాడని దారి పొడవునా జవాబులు కూర్చుకున్నాను. ఆయన చెయ్యలేదు. "ఎంతమంది?" అన్నాడు. "ఇరవై రెండు" అన్నాను. "మాయమ్మ ఏసీ గదికి ముప్ఫై మంది వచ్చేవోళ్ళు" అన్నాడు తలవంచి కాగితం రాస్తూ. "రెండు టన్నులది తీసుకుపో. కానీ అబ్బయా, తెరిచిన తలుపుకు ఎన్ని టన్నులు పెట్టినా చాలదు. ఆ సంగతి నువ్వే చూసుకోవాల."

తిరుగు దారిలో వ్యాను ఐసు ఫ్యాక్టరీ దగ్గర ఆగింది. మనసు బాగాలేక కూర్చుని చూస్తున్నాను. ఆడవాళ్ళు గంపలు నెత్తిన పెట్టుకుని చల్లటి గదిలోకి పోతున్నారు, వస్తున్నారు. ఆ గుమ్మానికి తలుపు లేదు. మందపాటి ప్లాస్టిక్ పట్టీలు పైనుంచి నేల దాకా వేలాడుతున్నాయి. మనిషి పోతే తప్పుకుంటాయి, పోగానే మూసుకుంటాయి, అవతల ఎవరున్నదీ కనిపిస్తుంది. అత్త ఊరికి వచ్చినప్పుడల్లా ఆ దారినే తిరుగుతూ ఎన్నిసార్లు చూశానో! పుస్తకంలో లేదు కాబట్టి కంటికి ఆనలేదు. దిగి, అక్కడి మేనేజరు కాళ్ళావేళ్ళా పడి పాత పట్టీలు కట్టగట్టి తెచ్చాను.

రెండు టన్నులది బిగించి, పట్టీలు గుమ్మానికి వేలాడదీస్తే మేనత్త చేత్తో అటూ ఇటూ తోసి చూసింది.

"తలుపు తీసినట్టే గదా?"

"తీసినట్టే అత్తా."

"ఎవురొచ్చేదీ కనపడతాది గదా?"

"కనపడతాది."

"అయితే సరే. రొయ్యల కంపు కొడతాండాది. పర్లేదులే, మనూరి కంపే."

ఆ రోహిణి గడిచింది. వీధి వీధంతా ఆ గదిలోనే పడి చింతగింజలు ఆడింది, కునికింది, పంచాయతీలు తీర్చుకుంది. మేనత్త ఒక్కరోజు కూడా సొమ్మసిల్లలేదు. మృగశిర రాగానే తొలివాన పడింది. మగవాళ్ళు గుంటల గట్లు చూసుకోవడానికి, ఆడవాళ్ళు పొయ్యి కట్టెలు తడవకుండా సర్దుకోవడానికి ఎవరిదారిన వాళ్ళు పోయారు. నేను వెళ్ళేసరికి ఆ పెద్ద ఏసీ నిండు జోరుతో తిరుగుతోంది, ఆమె ఒక్కతే దుప్పటి కప్పుకుని మంచం మీద వణుకుతోంది.

"ఆపేయనా అత్తా?"

"ఇంకాసేపు ఉండనీ అబ్బయా. ఆపినామని తెలిస్తే ఇంక ఎవురూ రారు."

చెప్పడానికి నా దగ్గర బోలెడుంది. వానలో ఏసీ వేస్తే ఏమవుతుందో, కరెంటు ఎంత కాలుతుందో, తేమ సంగతేమిటో. ఇంకో దుప్పటి తీసుకుని ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను. పట్టీల్లోంచి వాన పడే వీధి మసకమసకగా కనిపిస్తోంది. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం, పళ్ళు టకటకలాడుతుంటే. ఉన్నట్టుండి పట్టీలు కదిలాయి. "చూసినావా, ఎవురో వచ్చినారు!" అంది మేనత్త లేచి కూర్చుంటూ. రొయ్యల వాసన పట్టుకుని వచ్చిన పిల్లి, తడిసి ముద్దయి గుమ్మంలో నిలబడి మావైపు చూసింది. దాన్ని అదిలించబోయాను. "ఉండనీరా," అని ఆమె చాప మీద దానికి చోటు చూపించింది.

ఇప్పుడు నాకు ఆమె వయసు వచ్చింది. వానరోజు ఏసీ వేసుకుని, ఒక ముసలామెతో, ఒక తడి పిల్లితో చలికి వణుకుతూ ఎంతో బుద్ధిగా కూర్చున్న ఆ పుస్తకాల మేస్త్రిని తలుచుకుంటే నవ్వొస్తుంది. వాడి మీద ఎన్నో కోపాలున్నాయి నాకు. ఆ ఒక్క వానరోజు విషయంలో మాత్రం ఏ కోపమూ లేదు.