మూత లోపలి బొట్టు

కారు కొన్నప్పుడు మా ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే. దానితో ఏమన్నా చేసుకో, వారంటీ మాత్రం పోవద్దు.

కరోనా వచ్చిన మొదటి ఏడాది, లాక్‌డౌన్ కాస్త సడలించిన రోజులవి. సూరత్‌లో ఒక వజ్రాల వ్యాపారి కొడుకు వదిలించుకున్న స్పోర్ట్స్ కారు అది. కంపెనీ వారంటీ ఇంకా మిగిలే ఉంది. రెండే సీట్లు. ఉన్నదే మనమిద్దరం, ఇంకెవరు కూర్చోవాలి అన్నాను. ఊరందరిదీ ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అని ఆమె నన్ను దెప్పిపొడిచింది.

సూరత్ పక్కనే జోల్వాలో మాది చిన్న మగ్గాల కార్ఖానా. పనివాళ్ళంతా కరీంనగర్ దిక్కు వెళ్ళిపోయారు. పగలూ రాత్రీ టకటకలాడే షెడ్డులో సద్దు లేకపోతే నాకు పిచ్చి పట్టినట్టుండేది. ఆ ఖాళీలోకి కారు తెచ్చిపెట్టి, దానికి ఇంకాస్త దూకుడు ఎట్లా తేవాలా అని కూర్చున్నాను.

ఫోనులో వీడియోలు చూసి, సర్వీసు సెంటరు వాళ్ళను విసిగించి, చివరకు ఒక పద్ధతి పట్టుకున్నాను. ఇంజను కంప్యూటరు జోలికి పోవద్దు. సీలు ఉన్నది విప్పొద్దు. టైర్లు, బ్రేకు ప్యాడ్లు, తేలికైన చక్రాలకు అభ్యంతరం లేదన్నారు. గాలి ఎక్కువ పీల్చే ఫిల్టరు డబ్బా గురించి అడిగితే, పెట్టుకోండి గానీ సర్వీసుకు మాత్రం మా డబ్బాతోనే రండి, అది చెక్కుచెదరకుండా ఉండాలి అన్నారు.

కంపెనీ డబ్బా విప్పి కింద పెట్టిన రోజు ఆమె కుంకుమ భరిణెతో వచ్చింది. మగ్గం మీదికి కొత్త నూలు చుట్టిన బీము ఎక్కిస్తే అందరూ బొట్టు పెడతారు. మా ఆవిడ పుట్టింట్లో కిందికి దించిన ఖాళీ బీముకు కూడా పెడతారు.

“ఇన్ని దినాలు పని చేసినదాన్ని ఊకెనే మూలకు పడేస్తవా? జర బొట్టు పెట్టనియ్యి.”

“కంపెనోడు చూస్తే వారంటీ పోతది.”

ఆమె నవ్వి డబ్బా తీసుకుని లోపలికి పోయింది. గుడ్డలో చుట్టి మంచం కింద పెట్టింది. బొట్టు సంగతి మానుకుందనే అనుకున్నాను.

ఆ సాయంత్రం సూరత్ అవతల ఇచ్ఛాపూర్ వైపు ఖాళీ రోడ్డు మీద ఆమెను తిప్పాను. కారు మునుపటి కంటే బాగా దూకుతోందని నాకు అనిపించింది. ఆమెను అడిగితే, తేడా ఏమీ లేదు, అప్పుడూ కడుపులో ఇట్లనే తిప్పింది అంది.

మరుసటి ఏడాది రెండో వేవ్‌లో ఆమె పోయింది. ఆసుపత్రి లోపలికి నన్ను రానివ్వలేదు. చుట్టి ఇచ్చారు. చివరిసారి నుదుట బొట్టు పెట్టే వీలు కూడా లేకపోయింది. దాని గురించి ఇంతకంటే రాయడం నా వల్ల కాదు.

పనివాళ్ళు తిరిగొచ్చారు. మగ్గాలు మొదలయ్యాయి. ఇంట్లో మాత్రం మాట్లాడేవాళ్ళు లేరు. నేను టీవీని తిట్టడం అలవాటు చేసుకున్నాను. అది తిరిగి తిట్టదు, అదే బాధ.

సర్వీసు గడువు దగ్గర పడిందని ఫోను వచ్చింది. మంచం కింది డబ్బా తీసి, బిగించే ముందు దుమ్ము చూద్దామని మూత ఎత్తాను. లోపలి వైపు ఎర్రటి బొట్టు. బయట పెడితే కంపెనీవాడు చూస్తాడని లోపల పెట్టింది. సర్వీసులో వాళ్ళు మొదట తెరిచేదే ఆ మూత అని పిచ్చిదానికి ఎట్లా తెలుస్తుంది! నూనెతో కలిపి పెట్టినట్టుంది, రాలలేదు. ఆమె వేలి గీతలు తెలుస్తున్నాయి.

గడప మీద ఆమె పెట్టినవి ఎప్పుడో చెరిగిపోయాయి. మగ్గాల మీదివి నూలు దుమ్ములో కలిసిపోయాయి. ఆమె చేతిది ఇదొక్కటే మిగిలింది. తుడవకపోతే ఆమె అడిగిన వారంటీ పోతుందేమో. తుడుద్దామని గుడ్డ తీసుకున్నాను. చేయి రాలేదు. అట్లాగే బిగించి తీసుకుపోయాను.

మాస్కు వేసుకున్న మెకానిక్ మూత తెరిచి కాసేపు చూశాడు. అతను పై ఆఫీసరును పిలవలేదు. ఒక గుడ్డ తడిపి, నేను వద్దనేలోపే శుభ్రంగా తుడిచేశాడు. మనిషి మంచివాడు, నాకు మేలు చేశాననే అనుకున్నాడు. వారంటీకి ఏమీ కాదని హిందీలో ధైర్యం చెప్పి, మూత బిగిస్తూ అన్నాడు.

“భాభీజీకి చెప్పండి సార్, ఈసారి లోపల పెట్టొద్దని.”

చెప్తానన్నాను.